సాయవ్వ ఏడ్సిన సినిమా

"సినిమాల పడ్డవంట గద సాయవ్వా" అని అందరు అడుగుతరు. పడ్డ. పడి మూడు నిమిషాలున్న. గంతే. ఆ మూడు నిమిషాలకు నా ఇల్లు ఖాళీ అయింది. ఊకె అడిగెటోళ్లకు నేను ఇదంత సెప్ప. "ఆ, పడ్డ, నీ పని సూసుకో" అంట. నువ్వు నిమ్మళంగ కూసొని అడిగినవ్ గనుక సెప్తున్న. మద్దెల మద్దెల అడ్డం రాకు, నాకు కోపమొస్తది.

ముందుగాల నేను సేసిన పని సెప్త, ఎనకసీరికని దాసిపెట్టుడు నాకు సేతగాదు. నా ఒక్కగానొక్క కొడుకు రాజలింగు బొంబాయిల సచ్చిపోయిండు. ఆ సంగతి నాకు తెలుసు. వాని పెండ్లాం గోదావరికి తెల్వదు. మూడేండ్లు నేను సెప్పలే. ఆ మూడేండ్లు ఆ పిల్ల పొద్దుగాల లేసి బొట్టు పెట్టుకున్నది, పండుగ పండుగకు కొత్త గాజులేసుకున్నది, శుక్రవారం శుక్రవారం మొగని పేరు మీద ఒక్కపొద్దున్నది. నేను సూసుకుంట కూసున్న. ఇది నేరం కాదంటవా? అంటె అను. నేనైతె నేరమే అంట.

మాది కోటగిరి దగ్గర ఊరు. కాలువ నీళ్లు, నీళ్ల కింద సెరుకు. రాజలింగు బోధన్ ఫ్యాక్టరీకి సెరుకు బండి తోలెటోడు. రెండెడ్లల్ల ఒకటి రోగమొచ్చి సచ్చింది. ఒక్క ఎద్దుతోటి బండి నడుస్తదా? మాక్లూరు లింబాద్రి అని వాని దోస్తు ఒకడుండె. బొంబాయిల కట్టడం పనులున్నయి, ఆరు నెలలల్ల ఎద్దు కొనుక్కోవచ్చు అని తోలుకపోయిండు. పోయెటప్పుడు గోదావరి కడుపుతోటున్నది. "ఎద్దుతోని వస్త, బిడ్డను సూస్త" అన్నడు. ఎద్దు లేదు, బిడ్డ లేదు, వాడు లేడు.

లింబాద్రి ఒక్కడే వాపసొచ్చిండు, వానకాలంల. గడప కాడ నిలబడ్డడు. మంచినీళ్లిస్తె ఒద్దన్నడు. సావు కబురు తెచ్చినోడు ఆ ఇంట్ల నీళ్లు తాగడు, మా దిక్కు గట్లనే. చెంబు నా సేతిలనే ఉన్నది, నాకు అర్థమైపోయింది. నాలుగో అంతస్తు మీదికెంచి కింద పడ్డడంట. అక్కడనే కాలబెట్టిండ్రంట. తేవడానికి ఏమీ దొరకలేదని ఏడ్సిండు లింబాద్రి. నేను ఏడ్వలే. గోదావరి ఏడుందో తెలుసా? బోధన్ దవాఖానల. ఏడో నెలల కడుపు పోయి నాలుగు రోజులైంది. రక్తం లేక తెల్లగైపోయి మంచం మీద పడున్నది. గిప్పుడు ఈ మాట గూడ సెప్తె పాణం దక్కదు అనుకున్న. "నాలుగు దినాలాగి నేనే సెప్త, నువ్వు ఈ ఊరి మొకాన రాకు" అని లింబాద్రి తోటి ఒట్టేయించుకున్న. వాడు మల్ల రాలే.

నాలుగు దినాలైనయి. పిల్ల ఇంటికొచ్చింది. వచ్చుడుతోటే "ఆయన కాడికెంచి ఏమన్న కబురొచ్చిందా అత్తా" అన్నది. లేదన్న. ఇగ చూడు, ఒక్కసారి లేదన్నంక ఎప్పుడు ఉన్నదని సెప్తవు? జర కోలుకున్నంక సెప్త అనుకున్న. కోలుకున్నది. బతుకమ్మ పోయినంక సెప్త అనుకున్న. పోయింది. అట్లట్ల దాటుకుంట పోయిన.

ఇంకో మాట గూడ సెప్త, నువ్వు నన్ను మంచిదాననుకోవద్దు. ఆ పిల్ల మీద పావురంతోనే, ప్రేమతోనే దాసిన అంటె అబద్ధమైతది. మా కులంల మారుమనువు ఉన్నది. మొగడు సచ్చిండని తెలిస్తె దాని అన్న ముత్తన్న చందూరు కెంచి వచ్చి తోలుకపోతడు. తోలుకపోయి ఇంకోనికిస్తడు. ఇరవై రెండేండ్ల పిల్ల, ఇయ్యకుంటె తప్పు. మరి నేను? నాకు అది తప్ప ఎవలున్నరు? మాపటీలి ఇంటికొస్తె పొయ్యి మీద గంజి ఉంటది, "అత్తా కాళ్లు కడుక్కో" అనే గొంతు ఒకటి ఉంటది. అది పోతదని భయపడ్డ. కొడుకు సచ్చిన దుక్కం ఒక దిక్కు, కోడలు పోతదనే భయం ఇంకో దిక్కు. భయమే గెలిసింది.

ముత్తన్న ఊరికే లేడు, ఏడాదికి రెండుసార్లు వచ్చెటోడు. మంచి మనిషి, పెద్దగ మాట్లాడడు. "అత్తమ్మా, మూడేండ్లకొచ్చె. బావ ఉన్నడో లేడో, వస్తడో రాడో, ఏదో ఒకటి తేల్చు. చందూరుల ఒక సంబంధం ఉన్నది, భార్య పోయినోడు, మంచోడు. మా చెల్లె వయసు అయిపోతున్నది" అన్నడు. నేనేమన్ననో తెలుసా? "మొన్ననే బొంబాయికెంచి ఒకాయన వచ్చిండు, రాజలింగును సూసిండంట, మంచిగున్నడంట" అన్న. నోటికి ఎట్లొచ్చిందో. గోదావరి తలుపు ఎనక నిలబడి ఇన్నది. ఆ రోజు బెల్లం పోసి పాయసం వండింది. నాకు గిన్నె నిండ పెట్టింది. తిన్న. తినకుంటె అనుమానమొస్తదని అంత తిన్న.

ఇగ నా శోకం సంగతి సెప్పాలె. కోటగిరి నుంచి బోధన్ దాక ఎవలింట్ల సావైనా సాయవ్వను పిలువుండ్రి అనెటోళ్లు. పిలవకపోతె వాళ్లకే తక్కువ. సచ్చినోని పేరు వెట్టి, వాడు సేసిన పని వెట్టి, వాడు తిన్న తిండి వెట్టి నేను రాగం తీస్తె రాయసొంటి మొగోళ్లు గూడ పక్కకు పోయి ముక్కు సీదుకునెటోళ్లు. ఇది ఎవలో నేర్పంగ వచ్చేది కాదు. పరాయోళ్ల పీనుగు ముందల కూసున్నా మనం ఏడ్సేది మనోళ్లనే. నా మొగని పేరు, నా తల్లి పేరు ఎన్ని సావులల్ల ఏడ్సిన్నో లెక్కలేదు. అయితె లింబాద్రి వచ్చి పోయినంక నేను మస్తు జాగ్రత్తగున్న. ఏ పీనుగు కాడ కూసున్నా నాలిక కింద రాజలింగు పేరు తిరుగుతుంటది. పండ్లు బిగవట్టి ఆపేదాన్ని. ఊరంత ఏడ్సిన నోరు సొంత కొడుక్కు ఏడ్వలేకపాయె.

డెబ్బై ఒకటిలనో ఏమో, సెరుకు కొట్టే దినాలల్ల సినిమోళ్లు దిగిండ్రు. రెండు కార్లు, ఒక లారీ, పెద్ద పెద్ద అద్దాలు. ఊరు ఊరంత కాలువ గట్టు మీదనే. కథేందంటె సెరుకు తోటల ఒక పిలగాన్ని సంపేస్తరంట. పొడిసి పడేస్తె వాని తల్లి వచ్చి ఏడుస్తదంట. తల్లిగ ఏసేటామె మద్రాసు కెంచి వచ్చింది, కండ్లల్ల మందేసుకుని ఏడుస్తున్నది. నీళ్లొస్తున్నయి గని ఏడుపు రాలే. డైరెక్టర్ సారు సన్నగ, గడ్డం మాసి, బువ్వ తిననోని లెక్కున్నడు. "ఇక్కడ ఏడ్చేవాళ్లు ఎవరూ లేరా" అని అడిగిండంట. ఇంకెవల పేరు సెప్తరు?

నేను పోనన్న. బతికున్నోన్ని పీనుగును సేసి ఏడ్సుడేంది? ఆ నటించే పిలగానికి తల్లి లేదా? గని సారు నా కాడికి నడిసొచ్చిండు. "తల్లికి అక్కగా కూర్చో అవ్వా. మీ దగ్గర ఎట్ల ఏడుస్తరో అట్లనే ఏడువు. నేనేం చెప్పను" అన్నడు. అయినంక ఆ పిలగానికి తానం పోయించాలె, యాపాకు నమిలించాలె అని షరతు పెట్టిన. సరే అన్నడు. జనం సప్పుడు సేస్తరని అందర్ని గట్టు అవుతలకు తోలేసిండ్రు. గోదావరి ఇంటికాడ పసుపు ఉడకవెడ్తున్నది. సెరుకుల నడుమ పది మంది సినిమోళ్లు, నేను, ఎర్ర రంగు పోసుకొని పండుకున్న ఆ పిలగాడు.

వాని ముందల కూసున్న. సినిమాల వాని పేరేదో సెప్పిండ్రు, నాకు నోరు తిరగలే. సెరుకు ఆకు వాసన. వాని సెంప మీద సెరుకు సోగ కోసిన గీత ఒకటి, రంగు కాదు, నిజందే. బండి మీద సెరుకెత్తి వచ్చిన రోజు రాజలింగు మొకం మీద గూడ గట్లనే గీతలుంటుండె. నేను మోకాళ్ల మీద సెయ్యేసుకొని గొంతు ఇడిసిన. ఇడిసినంక అది నా సేతిల లేదు.

"రాజలింగూ, నా కొడుకా, సెరుకు బండి దిగి బొంబాయి బాట వడితివి కొడుకా. ఎద్దు తెస్తనంటివి, ఎముక గూడ తేకపోతివి కొడుకా. పరాయి దేశంల నీ కట్టె కాలిపాయె, బుక్కెడు బూడిదకు గూడ నోసుకోనైతి కొడుకా. నీ సావు కబురు నా కడుపుల దాసుకున్న కొడుకా. నీ గోదావరి బొట్టు వెట్టుకొని తిరుగుతుంటె నా కండ్లెట్ల సూసినయి కొడుకా. సెప్తె అది పోతదని, సెప్పకుంటె నీకు శోకం దక్కదని, ఎటూ కాకపోతిని కొడుకా..."

ఎంతసేపు ఏడ్సిన్నో తెల్వది. ఇన్నేండ్లది ఒక్కసారే వచ్చింది. కండ్లు తెరిసెసరికి డైరెక్టర్ సారు కింద కూసొని ఏడుస్తున్నడు. పండుకున్న పిలగాని కండ్లల్లకెంచి గూడ నీళ్లు కారుతున్నయి. పీనుగుకు నీళ్లేంది అని ఎవలూ తిట్టలే. నాకు గప్పుడు తెలివొచ్చింది, ఏమేమన్ననో. కండ్లద్దాల సారు ఒకడు పెట్టె ముందల కూసొని సెవులకు ఏందో తగిలించుకున్నడు. వాని కాడికురికిన. "అయ్యా, నేనన్న మాటలు అందరికి ఇనవడ్తయా" అన్న. వాడు నవ్విండు. "ఏం ఇనపడయి అవ్వా. మద్రాసుల గొంతు మారుస్తరు. ఇప్పుడు పట్టింది ఊకె గుర్తుకోసం. నీ మాట ఒక్కటి గూడ ఉండది" అన్నడు. ఇద్దరు ముగ్గురు గదే సెప్పిండ్రు. నేను నమ్మిన. నాలుగు దినాలు నిద్ర పోలే, ఐదో దినం నిద్ర పట్టింది.

మల్లొచ్చిన వానకాలంల ఆ సినిమా బోధన్ టాకీసుకు వచ్చింది. గోడల మీద కాయితాలు సూడాలె. హీరో సేతిల పిస్తోలు, ఎనక మంటలు, పక్కకు బోర్లపడ్డ కారు. మైకు పెట్టుకున్న రిక్షా కోటగిరి దాక వచ్చింది, "ఫైటింగులు, ఫైటింగులు" అని ఒర్రుకుంట. ఒక్క కారు లేదు ఆ సినిమాల. ఉన్న రెండు కార్లు సినిమోళ్లు ఎక్కి తిరిగినయే. అబద్ధాలకు నేనొక్కదాన్నే అనుకున్న, నాకంటె పెద్దోళ్లున్నరు.

"అత్తా, పోదాం" అన్నది గోదావరి. మోకాళ్ల నొప్పులన్న. బండి కట్టించింది. జరమన్న. నొసలు మీద సెయ్యేసి సూసి నవ్వింది. "మా అత్త సినిమాల ఉంటె నేను సూడకుంట ఉంటనా" అని వాడంత సెప్పుకుంట తిరిగింది. పక్కింటి వెంకటవ్వను, ఇంకో పది మంది ఆడోళ్లను జమ సేసింది. పచ్చ సీర కట్టుకున్నది. నాకు గూడ ఉతికిన సీర తీసిచ్చింది. గొంతు మారుస్తరు గద, ఏం గాదు అని నా మనసుకు నేనే సెప్పుకున్న. ఆ కండ్లద్దాలోని మాటను బండి మీద పోయినంతసేపు జపం లెక్క అనుకున్న.

పగటి ఆట. టాకీసు నిండింది. కింద నేల మీదంత ఫ్యాక్టరీ కూలోళ్లు, బీడీల కార్ఖానా పోరగాండ్లు, సీటీలు. మేం ఆడోళ్ల బెంచీల మీద. సినిమా షురూ అయింది. ఒక మనిషి నడుస్తుంటడు. వాడే హీరో అంట. నడిసి నడిసి చాయ్ దుకాణంల కూసుంటడు. చాయ్ తాగుతడు. చాయ్ అయిపోయినంక గూడ కూసుంటడు. "ఎప్పుడు కొడ్తవ్‌రా" అని ఎవడో అరిసిండు, అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన, దడ కనవడకుండ. సెరుకుల పిలగాన్ని సంపేది గూడ సూపెట్టలే. సెరుకు ఊగుతది, ఆగుతది. గంతే. సినిమా మంచిగ లేదంటరా అంటె, నేను సూసిన సావులు గూడ గట్లనే ఉంటయి, సప్పుడు లేకుండ. గని గప్పుడు నాకు సినిమా మీద లేదు సూపు. ఎప్పుడొస్తదా అని ఎదురుసూస్తున్న.

వచ్చింది. తెర మీద నా మొకం గోడంత. గోదావరి సప్పట్లు కొట్టింది. "అత్తా, నువ్వే" అని నా సెయ్యి పట్టుకొని పిసికింది. తెర మీద నేను నోరు తెరిసిన.

గొంతు నాదే.

నాకు మొదటి కూతకే తెలిసింది. దానికి ఇంకా తెలుస్తలేదు, నవ్వుమొకంతోనే సూస్తున్నది. "రాజలింగూ" అన్నది తెర. గోదావరి నవ్వు అట్లనే ఉన్నది, అర్థం కాక. "బొంబాయి బాట" అన్నది. "నీ కట్టె కాలిపాయె" అన్నది. నా సేతి మీద దాని వేళ్లు ఒక్కొక్కటి వదులైనయి. "నీ సావు కబురు నా కడుపుల దాసుకున్న" అన్నంక సెయ్యి తీసుకొని దాని ఒడిల పెట్టుకున్నది. టాకీసుల సీటీ లేదు, దగ్గు లేదు. ఎనక బెంచీల వెంకటవ్వ "ఇది ఉత్త ఏడుపు కాదే" అన్నది మెల్లగ. నేను లేసి ఉరుకుదామని సూసిన. గోదావరి నా దిక్కు సూడకుండ "కూసో అత్తా. అయిపోనీ" అన్నది. కూసున్న.

ఇంకా గంట ఉన్నది సినిమా. ఆ గంట మేమిద్దరం పక్కపక్కన కూసొని సూసినం. హీరో ఆ పిలగాన్ని సంపినోని ఇల్లు పట్టుకున్నడు. కత్తి సంచిల పెట్టుకొని పోయిండు. పోరగాండ్లు మల్ల సీటీలు షురూ సేసిండ్రు, ఇగ కొడ్తడని. ఇంట్ల ఆ సంపినోడు బిడ్డకు బువ్వ కలిపి పెడ్తున్నడు. హీరో గడప కాడ నిలబడ్డడు. ఇద్దరు ఒకని మొకం ఒకడు సూసుకున్నరు. హీరో సంచి అట్లనే పట్టుకొని తిరిగి నడిసిపోయిండు. దీపాలు ఎలిగినయి. పోరగాండ్లు బెంచీలు తన్నిండ్రు, పైసలు వాపసియ్యి అని గేటు కాడ లొల్లి సేసిండ్రు. మా ఆడోళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకొని బండెక్కిండ్రు.

ఇంట్లకొచ్చినంక గోదావరి తలుపు దగ్గరికేసింది. "ఎప్పుడు?" అన్నది. సెప్పిన. దవాఖానల ఉన్నప్పుడు అని, లింబాద్రి అని, నాలుగో అంతస్తు అని, అన్ని సెప్పిన. అది నిలబడే ఇన్నది. నేను కాళ్లు పట్టుకోబోతె ఎనకకు జరిగింది.

"మూడేండ్లు శుక్రవారాలు నేను ఎవలికోసం ఉపాసమున్న అత్తా? నువ్వే గద పొద్దుగూకినంక నాకు బువ్వ పెట్టింది. పెట్టుకుంట ఏమనుకున్నవ్?"

నేను సల్లారిన పొయ్యి దిక్కు సూసిన.

"నేను పాయసం వండిన రోజు ఎట్ల తిన్నవ్?"

అది తిట్టలే. తిడితె బాగుండు. కింద కూసున్నది, సీర కొంగు తల మీదికెంచి కప్పుకున్నది. "ఇగ ఏడువు" అన్నది. "సెరుకుల ఏడ్సినవ్ గద ఆ సినిమోళ్లకు. ఇప్పుడు నాకు ఏడువు. నీ ఎంబడి నేను ఏడుస్త. నాకొక్కదానికి ఏడ్వ రాదు."

నేను కూసున్న. మోకాళ్ల మీద సెయ్యేసుకున్న. నోరు తెరిసిన. రాలే. బిడ్డా, ఒక్క మాట రాలే. ఎంత గుంజినా గొంతుల గాలి వస్తున్నది గని రాగం లేదు, పేరు లేదు. నలభై ఏండ్లు ఊరోళ్లందరికి ఏడ్సిన సాయవ్వ, కొడుకు పెండ్లాం ఎదురుంగ కూసొని అడిగితె ఏడ్వలేకపోయింది. గోదావరి కొంగులకెంచి సూసింది. సూసి సూసి లేసిపోయి అర్రల పండుకున్నది.

తెల్లారి పగటి ఆటకు అది మల్ల బోధన్ పోయింది. వెంకటవ్వ దాని ఎంబడి పోయింది, ఇంకా ఏడెనిమిది మంది పోయిండ్రు. సావైనప్పుడు ముండమోసినామె ఎంబడి ఆడోళ్లు కూసొని ఏడ్వాలె గద, ఒంటిగ ఇడువరు. పీనుగు లేదు, కాలవెట్టిన జాగ లేదు, ఏడ్సే అత్తకు గొంతు లేదు. శోకం ఉన్నది ఒక్క ఆ టాకీసుల. టిక్కెట్టు కొనుక్కొని పోయి, నా మొకం తెర మీదికి రాంగనె వీళ్లంత కొంగులు కప్పుకొని బెంచీల మీద గొంతు కలిపిండ్రంట. నేను పోలే, నన్ను రమ్మనలే. గేటు కాడి భూమన్న సెప్పిండు నాకు ఎనక. "నేల క్లాసుల నలుగురు గూడ లేరు సాయవ్వా, ఫైటింగు లేదని. ఆడోళ్ల దిక్కేమో సావింటి లెక్కున్నది. ఏం సినిమానో ఇది" అన్నడు. మూడు దినాలు అట్లనే పోయిండ్రు. మూడో దినం ఆట అయినంక సినిమా రీళ్ల డబ్బలు రైలుకెక్కించిండ్రు. మల్ల ఆ సినిమా ఈ దిక్కు రాలే, ఎక్కడ ఆడలే అంట.

పదో దినం కాలువ కాడికి తోలుకపోయిండ్రు గోదావరిని. గాజులు తీసెటందుకు ముందుకు పోయిన. ఈ పని గూడ నాదే, ఎన్ని సేతులకు తీసిన్నో. "నువ్వు ముట్టద్దు" అన్నది. కోపంగ అనలే, మామూలుగనే అన్నది. వెంకటవ్వ తీసింది. నేను గట్టు మీద నిలబడ్డ. నా కొడుకు కర్మల నేను ఊరోళ్ల లెక్క దూరం కెంచి సూసిన.

ముత్తన్న వచ్చిండు మల్లొక దినం. "నిన్ను నమ్మినం అత్తమ్మా" అన్నడు, గంతే. గోదావరి మూట కట్టుకున్నది. పొయ్యి అలికింది, నీళ్లు నింపింది, నాకు పూటకు గంజి కాసి పెట్టింది, పోయే దినం గూడ. బండి ఎక్కెటప్పుడు నేను గడప కాడ నిలబడ్డ. ఏమన్న అంటదేమో, ఏదన్నా సరే, శాపమైనా సరే అని నిలబడ్డ. మెట్టు మీద కాలేసి ఆగింది.

"అత్తా, నువ్వు పోయినప్పుడు నాకు ఆ దినమే కబురంపుమని ఎవలికన్న సెప్పిపెట్టు. ఆలస్యం సేయొద్దని సెప్పు" అన్నది.

బండి పోయింది. ముత్తన్న దాన్ని ఆ చందూరు పిలగానికే ఇచ్చిండు, ఇద్దరు పిల్లలంట, మంచిగున్నదంట. నేను సూడలే. సావులకు నన్ను ఇప్పటికి పిలుస్తరు, పోయి మూలకు కూసుంట, నోరు ఇప్ప. వాళ్లకు గూడ అలవాటైపోయింది.

వెంకటవ్వకు సెప్పిపెట్టిన. భూమన్నకు సెప్పిన. నీకు గూడ సెప్తున్న, అందుకే గింతసేపు కూసోపెట్టిన. నాకు డెబ్బై దగ్గరికొచ్చినయి, ఎప్పుడో ఒకనాడు సాయవ్వ పోయిందని ఇంటవు. పీనుగును ఎత్తుడు, కాలవెట్టుడు ఊరోళ్లు సూసుకుంటరు, నువ్వు దానికి ఆగకు. చందూరు పో. ముత్తన్న సెల్లె గోదావరి ఇల్లేదని అడిగితె ఎవలన్న సూపెడ్తరు. ఆమె మంచినీళ్లిస్తది, తాగకు, ఆమెకు అర్థమైతది. ఆ దినమే పో బిడ్డా, తెల్లారిందాక ఆగకు.